సెల్యూట్ ఎవరికి? బందరులో పంతులుగారైన ఓ సిపాయి కథ

ఆగస్టు 2 పొద్దున్నే అందరిలాగే నేనూ వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మూడు రంగుల జెండా, పక్కన పింగళి వెంకయ్య గారి ఫొటో, కింద ‘జయంతి సందర్భంగా నివాళులు’ అని నాలుగు ముక్కలు. నేను చేసిందేం లేదు, ఎవరో పంపితే అలాగే ఎక్కించేశాను. పది సెకన్ల పని.

పావుగంటకి ఫోన్ మోగింది. గుడివాడ నుంచి మా సోషల్ మాస్టారు.

ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. మాకు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు, ఎన్‌సీసీ కూడా ఆయనే చూసేవారు. మిగతా రోజుల్లో పంచె, చొక్కా. పరేడ్ ఉన్న రోజు ఖాకీ. ఆ రోజు నడకే మారిపోయేది. గ్రౌండ్‌లో ఆ గొంతు వింటే, క్లాసులో అక్బరు గురించి మెల్లగా చెప్పే మనిషి ఈయనేనా అనిపించేది.

“ఏరా, స్టేటస్ చూశాను. బాగుంది. ఒక్క ప్రశ్న అడగనా?”

“అడగండి మాస్టారూ.”

“ఆయన మన జెండా తయారు చెయ్యకముందు ఏ జెండాకి సెల్యూట్ కొట్టేవాడు?”

నాకు అర్థం కాలేదు. “ఆయన సైన్యంలో పనిచేశారా మాస్టారూ?” అన్నాను.

“తెలీదన్నమాట. తెలుసుకుని రా. మార్కులు అప్పుడేస్తాను” అని పెట్టేశారు.

జిల్లాలో పుట్టి పెరిగాను. పోటీ పరీక్షల కోసం ‘జాతీయ పతాక రూపకర్త ఎవరు’ అనే బిట్టు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. జవాబు ఒక్క పేరు. ఆ పేరు వెనక మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా తెలీదు. సిగ్గేసింది. ఆ ఆదివారం బండి తీశాను.

కూచిపూడి పక్కనే ఆ ఊరు

గుడివాడ నుంచి పామర్రు, అక్కడి నుంచి చల్లపల్లి రోడ్డు. కాలవల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఇటూ అటూ నాట్లు పడుతున్నాయి. కూచిపూడి పేరు ప్రపంచానికంతా తెలుసు. దానికి దగ్గర్లోనే ఉన్న భట్లపెనుమర్రు పేరు మాత్రం మనలో చాలామంది ఆగస్టులోనే వింటాం. వెంకయ్య గారు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1876 ఆగస్టు 2న.

చిన్నప్పటి చదువు, పెంపకం అంతా పాత దివి తాలూకాలోనే. చల్లపల్లి, కృష్ణ ఒడ్డున ఉన్న పెదకళ్ళేపల్లి ఆయన తిరిగిన ఊళ్ళు. పెద్ద చదువుకి బందరు వెళ్ళి హిందూ హైస్కూల్లో చేరారు. అప్పట్లో ఈ చుట్టుపక్కల పిల్లాడికి పెద్ద చదువంటే బందరే. మచిలీపట్నం అని ఇప్పుడు బోర్డుల మీద రాస్తున్నాం గానీ, ఇక్కడ నోటికొచ్చేది బందరే కదా!

అప్పటికి బందరు గొప్పంతా గతంలోకి జారిపోతోంది. ఒకప్పుడు డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు పోటీలు పడి వ్యాపారం చేసిన రేవు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. దాదాపు 30 వేల మంది చనిపోయారు. రేవు దెబ్బతింది, బడులు మిగిలాయి. అలాంటి ఊళ్ళో హైస్కూలు చదివిన కుర్రాడికి ముందున్న దారులు చాలా సులువుగా కనిపిస్తాయి. గుమాస్తా కావచ్చు, టీచరు కావచ్చు, లేదంటే ప్లీడరు గుమాస్తా కావచ్చు. వెంకయ్య గారు ఇవేవీ కాకుండా బొంబాయి రైలెక్కి సైన్యంలో చేరిపోయారు.

బందరు కుర్రాడు, బోయర్ యుద్ధం

ఆయన సైన్యంలో చేరింది 19వ ఏట అని చాలాచోట్ల రాస్తుంటారు. ఆయన వెళ్ళిన యుద్ధం మాత్రం 1899 అక్టోబరులో మొదలైంది. పుట్టిన సంవత్సరంతో లెక్కేస్తే అప్పటికి ఆయనకి 23 ఏళ్ళు. అంటే ఇవాళ మనలో చాలామంది బీటెక్ అయిపోయి, ఆఫర్ లెటర్ కోసం మెయిల్ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చునే వయసు.

అది బోయర్ యుద్ధం. దక్షిణాఫ్రికాలో బంగారం, వజ్రాలు, వాటి కింద నేల ఎవరివి అన్న తగాదా. ఒకవైపు బ్రిటిష్ సామ్రాజ్యం, మరోవైపు డచ్చి సంతతి రైతులైన బోయర్లు. రెండు వైపులా తెల్లవాళ్ళే. అందుకే బ్రిటిష్‌వాళ్ళు దీన్ని తెల్లవాళ్ళ యుద్ధంగా చూశారు. మనవాళ్ళని ఓడలెక్కించి తీసుకెళ్ళారు గానీ, బోయర్ల మీదికి తుపాకీ ఎక్కుపెట్టే పని మాత్రం ఇవ్వకూడదనుకున్నారు. గుర్రాలు చూసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, సామాన్లు చేరవేసేవాళ్ళు, గాయపడినవాళ్ళని మోసేవాళ్ళు... మనవాళ్ళ పనులు ఎక్కువగా ఇవీ.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో భారతీయుడు ఎంత చదువుకున్నా, ఎంత ధైర్యవంతుడైనా బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పూర్తిస్థాయి ఆఫీసర్ కాలేడు. మహా అయితే సుబేదార్ మేజర్. ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేసిన సుబేదార్ మేజర్ అయినా సరే, నిన్నగాక మొన్న ఇంగ్లండ్ నుంచి దిగిన ఇరవై ఏళ్ళ లెఫ్టినెంట్‌కి సెల్యూట్ కొట్టాల్సిందే. రాజుగారి కమిషన్ పొందే దారి మనవాళ్ళకి మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో గానీ తెరుచుకోలేదు, అదీ ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికి. అంటే బందరు హైస్కూల్లో చదివిన ఈ కుర్రాడికి సైన్యంలో ఎదగడానికి నిచ్చెన ఉంది గానీ, పై మెట్లు ముందే తీసేసి ఉన్నాయి.

మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరికింది. ఆయన సెల్యూట్ కొట్టింది యూనియన్ జాక్‌కి. ఇంగ్లీషువాడికి ఇంగ్లీషు జెండా ఉంది. ఎదురుగా పోరాడుతున్న బోయరుకి బోయరు జెండా ఉంది. వేల మైళ్ళు సముద్రం దాటి వచ్చిన తనకి? తన మీద పెత్తనం చేసేవాడి జెండాయే గతి. మనకంటూ ఒక జెండా ఉండాలన్న ఆలోచన ఆయనలో అప్పుడే పడిందని చెబుతారు.

ఆయన గాంధీని కలిసింది కూడా అక్కడే. అయితే ఇప్పుడు మన కళ్ళ ముందు మెదిలే గాంధీని ఊహించుకోకండి. కొల్లాయి లేదు, చరఖా లేదు. అప్పటికి ఆయన సూటేసుకున్న ముప్ఫై ఏళ్ళ లాయరు. దాదాపు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం కట్టి, గాయపడిన బ్రిటిష్ సైనికులని మోయిస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది చెరకు తోటల్లో పనిచేసే ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ బోలెడుమంది. అంత దూరంలో మన దివిసీమ కుర్రాడి చెవిన తెలుగు మాట పడకుండా ఉండి ఉంటుందా?

ఒకసారి ఆలోచించండి. తర్వాతి రోజుల్లో ఒకరు బ్రిటిష్‌వాళ్ళని పంపించేసే ఉద్యమం నడిపారు. ఇంకొకరు వాళ్ళ జెండా స్థానంలో ఎగరాల్సిన జెండా కోసం తపించారు. ఆ ఇద్దరూ కలిసింది మాత్రం బ్రిటిష్ సామ్రాజ్యం కోసం పనిచేస్తూనే!

గార్డు, ప్లేగు ఇన్‌స్పెక్టరు, పత్తి రైతు...

తిరిగొచ్చాక వెంకయ్య గారి బయోడేటా చూస్తే ఇప్పటి హెచ్‌ఆర్‌వాళ్ళు తల పట్టుకుంటారు. కొన్నాళ్ళు రైల్వే గార్డు. తర్వాత బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరు. అదీ వదిలేసి లాహోరు వెళ్ళి చదువు. అక్కడ సంస్కృతం, ఉర్దూ, జపాన్ భాష నేర్చుకున్నారు. 1913లో బాపట్ల సభలో జపాన్ భాషలో ప్రసంగం దంచేసరికి జనం ‘జపాన్ వెంకయ్య’ అనేశారు.

మధ్యలో మునగాల జమీందారు నాయని రంగారావు గారి దగ్గర ఉండి వ్యవసాయ ప్రయోగాలు చేశారు. కంబోడియా రకం పత్తి మీద ఆయన చేసిన కృషికి ‘పత్తి వెంకయ్య’ అనే పేరొచ్చింది. ఆ తర్వాత రోజుల్లో ఖనిజాల మీద పరిశోధనతో ‘డైమండ్ వెంకయ్య’ అయ్యారు. చివరికి ‘జెండా వెంకయ్య’. ఒక్క మనిషికి నాలుగు ఇంటిపేర్లన్నమాట!

కెరీర్ మార్చుకుంటే నిలకడ లేదంటారు మనవాళ్ళు. ఈయన్నీ అనే ఉంటారు. అయితే ఇన్ని పనులు చేసిన మనిషిని అన్నీ తెలిసినవాడిగా తీసుకున్న చోటు ఒకటుంది. అది బందరులోని ఓ బడి.

గుర్రపుస్వారీ నేర్పే మాస్టారు

చల్లపల్లి నుంచి బందరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊళ్ళోకి రాగానే నేను తలుచుకున్నది లడ్డూ కాదు (అబద్ధం ఎందుకు, అదీ తలుచుకున్నాను). ముఖ్యంగా తలుచుకున్నది ఆంధ్ర జాతీయ కళాశాల.

దాని కథ చెప్పాలంటే 1907కి వెళ్ళాలి. ఆ ఏడాది ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. అంతే, వాళ్ళ నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి గెంటేశారు. ఉపాధ్యాయుడు కాబోతున్న కుర్రాడు చొక్కాకి చిన్న బ్యాడ్జీ పెట్టుకున్నా సర్కారు ఓర్చుకోలేని రోజులవి. మరి సర్కారు కంట్రోల్లో లేని బడి ఒకటి మనకుంటే?

అలా 1910లో బందరులో జాతీయ కళాశాల మొదలైంది. కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య దాని వెనక ఉన్న ముగ్గురు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు నేర్పేవాళ్ళు. బొమ్మలు నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చారు. అడివి బాపిరాజు లాంటివాళ్ళు ఆ గాలి పీల్చినవాళ్ళే.

వెంకయ్య గారు 1911లో ఇక్కడ అధ్యాపకుడిగా చేరారు. ఆయన చెప్పిన సబ్జెక్టులు వినండి. వ్యవసాయం, చరిత్ర, గుర్రపుస్వారీ, వ్యాయామం, సైనిక శిక్షణ.

ఒక్కసారి ఆ క్లాసు ఊహించుకోండి. పొద్దున చరిత్ర పాఠం. సాయంత్రం అదే మాస్టారు కుర్రాళ్ళని వరసల్లో నిలబెట్టి డ్రిల్లు చేయిస్తున్నారు. బ్రిటిష్ సైన్యం తన అవసరం కోసం ఆయనకి నేర్పిన విద్య అది. దాన్నే ఆయన బ్రిటిష్‌వాళ్ళు గుర్తించని బడిలో, బ్రిటిష్‌వాళ్ళకి ఉద్యోగం చెయ్యని పిల్లలకి నేర్పుతున్నారు. ఆయనకి ఆఫీసర్ హోదా ఇవ్వని సైన్యం ఎక్కడో ఉంది. బందరు మైదానంలో మాత్రం కమాండ్ ఆయనదే.

ఆయన గురించి చదివినప్పుడు మనం జెండా దగ్గరికి ఒక్క గెంతు గెంతేస్తాం. నాకు మాత్రం ఈ తొమ్మిది పదేళ్ళే అసలు కథ అనిపించింది. ఎందుకంటే ఆ జెండా రాత్రికి రాత్రి కల్లోకి వచ్చింది కాదు. ఈ బడిలో పాఠాలు చెబుతూ, పట్టు వదలకుండా చేసుకుంటూ పోయిన పని అది.

ముప్ఫై నమూనాలు, నాలుగేళ్ళ పట్టు

1916లో ఆయన ఇంగ్లీషులో ఓ పుస్తకం వేశారు. ‘భారతదేశానికి ఒక జాతీయ పతాకం’ అని దాని పేరుకి అర్థం. అందులో దేశదేశాల జెండాల వివరాలున్నాయి. ఏ దేశం ఏ రంగు ఎందుకు పెట్టుకుంది, ఏ గుర్తుకి ఏం అర్థం అన్నీ చెప్పి, మన దేశానికి ఇలా ఉంటే ఎలా ఉంటుందంటూ 30 నమూనాలు ఇచ్చారు. ఒకటి కాదు, ముప్ఫై! ఇది నాదే గొప్ప అని పట్టుబట్టే మనిషి ముప్ఫై నమూనాలు ఇవ్వడు. ‘ఇవిగో, ఆలోచించుకోండి’ అని క్లాసు ముందు పెట్టే మాస్టారే అలా చేస్తాడు.

మరి దేశం వెంటనే చప్పట్లు కొట్టిందా? లేదు. కాంగ్రెస్ మహాసభ ఎక్కడ జరిగినా ఈయన చంకలో జెండా నమూనాలతో వెళ్ళేవారు. వినేవాళ్ళు వినేవాళ్ళు, నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు అయి ఉంటారు. సాక్షాత్తూ గాంధీ గారే 1921 ఏప్రిల్లో యంగ్ ఇండియాలో ఈ సంగతి దాచకుండా రాశారు. నాలుగేళ్ళుగా ప్రతి కాంగ్రెస్ సభలోనూ బందరు వెంకయ్య పట్టు వదలకుండా జెండా మాట ఎత్తుతున్నాడని, ఆ పట్టుదల తనకి నచ్చేదని, కానీ ఆ నమూనాలేవీ తనని కదిలించలేదని ఆ వ్యాసం సారాంశం.

చదివి నాకు ఒక్క క్షణం బాధేసింది. నాలుగేళ్ళు! మనం ఒక రీల్‌కి నాలుగు గంటల్లో లైకులు రాకపోతే డిలీట్ చేసేస్తాం.

మలుపు 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో వచ్చింది. జెండా మీద చరఖా ఉండాలన్న ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. అది గాంధీకి నచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా వేసి ఓ జెండా గీసివ్వమని వెంకయ్య గారిని అడిగారు. సహచరుడు ఈరంకి వెంకటశాస్త్రి సాయంతో ఆయన మూడు గంటల్లో జెండా చేసి ఇచ్చేశారు.

‘మూడు గంటల్లో జెండా’ అనే ముక్క మీరు వినే ఉంటారు. వినని ముక్క ఇంకోటుంది. ఆ జెండా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది! ఈ విషయం రాసింది కూడా గాంధీయే. పైగా ఆలస్యమవడమే మంచిదైందన్నారు. ఆ వ్యవధిలో ఆలోచిస్తే మిగతా మతాలవాళ్ళకీ అందులో చోటుండాలి కదా అనిపించిందట. అలా తెలుపు చేరింది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, వాటి మీద చరఖా. మన మువ్వన్నెల మొదటి రూపం అది.

మూడు గంటలు అందరికీ కనిపించాయి. దాని వెనక ఉన్న అయిదేళ్ళ పుస్తకం, అంతకుముందు దక్షిణాఫ్రికాలో కొట్టిన సెల్యూట్లు ఎవరికీ కనిపించలేదు.

ఇంతకీ జెండా ఎవరిది?

ప్రతి ఆగస్టులోనూ సోషల్ మీడియాలో ఒక యుద్ధం జరుగుతుంది. ‘జెండా చేసింది వెంకయ్య’ అని ఒకరు, ‘కాదు, సురయ్యా త్యాబ్జీ’ అని ఇంకొకరు. కామెంట్లలో తిట్ల వరద. నాకు అర్థమైంది చెబుతాను, మీరే తేల్చుకోండి.

మనకో జెండా కావాలన్న ఆలోచన వెంకయ్య గారి ఒక్కరిదే కాదు. 1907లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మేడం కామా ఒక జెండా ఎగరేశారు. హోంరూల్ ఉద్యమానికీ ఓ జెండా ఉండేది. 1921 జెండా మీద మతాల పేరుతో రంగులేమిటన్న గొడవ రావడంతో, 1931లో కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. దాని కన్వీనర్ ఎవరో తెలుసా? మన బందరు జాతీయ కళాశాల స్థాపకుల్లో ఒకరైన పట్టాభి సీతారామయ్య! ఆ కమిటీ మొత్తం కాషాయ రంగు జెండా మంచిదంది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో చరఖా ఉన్న జెండాని ఆమోదించింది. రంగులు మతాలవి కావని స్పష్టంగా చెప్పింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో అశోక చక్రం పెట్టి జాతీయ పతాకంగా స్వీకరించింది. ఆ చివరి రూపం తయారీలో త్యాబ్జీ దంపతుల పాత్ర గురించి చెబుతారు.

అంటే ఇది చాలా చేతులు పడిన జెండా. ఒకళ్ళ పేరు చెబితే ఇంకొకళ్ళకి అన్యాయం జరగనక్కర్లేదు. వెంకయ్య గారికి దక్కాల్సిన మర్యాద ‘అంతా ఆయనే గీశారు’ అనడంలో లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో ‘మనకో జెండా ఉండొద్దా?’ అని ఏళ్ళ తరబడి అడిగినవాడు ఆయన. వాళ్ళు వినేదాకా అడిగాడు.

ఆ ప్రశ్న విలువ ఏమిటో బందరుకి తొందర్లోనే తెలిసింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కోనేరు సెంటర్లో జెండా ఎగరెయ్యడానికి తోట నరసయ్య నాయుడు అనే వస్తాదు ముందుకొచ్చారు. పోలీసులు లాఠీలతో బాదారు. ఆయన స్పృహ తప్పి పడిపోయేదాకా జెండా వదల్లేదు. ఇప్పుడు ఆ సెంటర్లో నిలబడితే ఆటోల హారన్లు, పళ్ళ బళ్ళు. నేనూ ఓ పక్కన బండి ఆపి కాసేపు నిలబడ్డాను. ఈ ఊరి మాస్టారు పుస్తకంలో గీసిన ఆలోచన, పద్నాలుగేళ్ళకి ఇదే ఊళ్ళో మనిషి ఒంటి మీద దెబ్బలు తిన్నదన్నమాట.

చిట్టినగర్లో చివరి రోజులు

తర్వాత ఆయన నెల్లూరు వైపు వెళ్ళి అభ్రకం మీద, ఖనిజాల మీద పరిశోధనలు చేశారు. వజ్రాల ‘తల్లిరాయి’ గురించి పుస్తకం రాశారు. నేలలో వజ్రాలెక్కడ దొరుకుతాయో చెప్పగలిగిన మనిషి తన ఇంట్లోకి మాత్రం నాలుగు రాళ్ళు తెచ్చుకోలేకపోయారు. చివరి రోజులు విజయవాడ చిట్టినగర్లో పేదరికంలోనే గడిచాయి. చనిపోవడానికి కొద్ది నెలల ముందు విజయవాడలో సన్మానం చేశారు. 1963 జూలై 4న కన్నుమూశారు.

తన శరీరం మీద మువ్వన్నెల జెండా కప్పాలని, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకి కట్టాలని అడిగారని చెబుతారు. ఆస్తి అడగలేదు, పదవి అడగలేదు. సిపాయి అడిగే కోరిక అది. ఒకప్పుడు వేరేవాళ్ళ జెండా కింద నిలబడ్డ మనిషి, చివరి ప్రయాణం మాత్రం తన జెండా కింద చెయ్యాలనుకున్నారు.

దేశానికి ఆయన గుర్తొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. 2009లో తపాలా బిళ్ళ, 2022లో ఢిల్లీలో వేడుకతో పాటు మరో బిళ్ళ. మచిలీపట్నంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీకి ఇప్పుడు ఆయన పేరుంది. బతికుండగా అందని అన్నం బిళ్ళల మీది బొమ్మతో తీరదు గానీ, మర్చిపోవడం కంటే నయమే కదా.

పదికి ఏడు

సాయంత్రం గుడివాడ తిరిగొచ్చి నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. కాళ్ళకి వాపు. లేవబోతే వద్దన్నాను.

విన్నదీ చదివిందీ అంతా చెప్పాను. యూనియన్ జాక్, బోయర్ యుద్ధం, గుర్రపుస్వారీ, ముప్ఫై నమూనాలు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

“ఆ రోజుల్లో మనవాడికి ఆఫీసర్ ర్యాంకు ఇవ్వరని చెప్పావు చూడు, అది బాగా పట్టుకున్నావు” అన్నారు కళ్ళు తెరిచి.

లోపలి నుంచి ఓ పాత ఫొటో తెప్పించారు. కామ్టీలో ఎన్‌సీసీ ట్రైనింగప్పటిది. సన్నగా, నిటారుగా, ఖాకీలో మా మాస్టారు. స్కూళ్ళలో ఎన్‌సీసీ చూసే టీచర్లకి ట్రైనింగయ్యాక ‘థర్డ్ ఆఫీసర్’ హోదా ఇస్తారు. అది పెద్ద హోదా ఏం కాదు. యుద్ధానికి వెళ్ళే ర్యాంకూ కాదు.

“చైనా యుద్ధం అయ్యాక కాలేజీల్లో ఎన్‌సీసీ కంపల్సరీ చేశారు. అప్పుడు మొదలైంది నాకీ పిచ్చి. ట్రైనింగ్ చివర్రోజు జెండాకి సెల్యూట్ కొడుతుంటే ఈ వెంకయ్య గారే గుర్తొచ్చారు. ఆయనా మాస్టారే, నేనూ మాస్టార్నే. ఆయనా డ్రిల్లు చేయించాడు, నేనూ చేయించాను. ఆయనకి లేని ర్యాంకు, ఆయనకి లేని జెండా నాకు ఉద్యోగంతో పాటు ఊరికే దొరికాయి. ఊరికే దొరికినదానికి విలువ తెలీదురా. అందుకే నిన్ను పంపించాను.”

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. నేనే అడిగాను: “మార్కులెన్ని మాస్టారూ?”

“పదికి ఏడు.”

“మిగతా మూడు?”

“ఎవరూ పట్టించుకోకపోయినా నాలుగేళ్ళ పాటు ఒక్క పని మీద నిలబడి చూపించు. అప్పుడేస్తాను” అని నవ్వారు.

ఇంటికొచ్చి చూస్తే, పొద్దున ఎవరో ఆగస్టు 15కి మళ్ళీ ఒక రెడీమేడ్ ఫొటో పంపారు. ఫార్వర్డ్ చెయ్యలేదు. ఈసారి నాలుగు వాక్యాలు నేనే రాసుకున్నాను. మొదటి వాక్యం ఇది: ‘జెండా వెంకయ్య గారు బందరులో మాస్టారు. అంతకుముందు, మనకంటూ జెండా లేని రోజుల్లో, ఒక సిపాయి.’